బరువు తగ్గే వ్యాయామానికి 20 కిలోల డంబెల్ సెట్ చాలుతుందా?

అట్టపెట్టె మీద 20 కిలోలు అని ఉంటే అది రెండు డంబెల్స్‌కీ కలిపి. రాడ్లు, ప్లేట్లు, నట్లు అన్నీ తూకం వేస్తే వచ్చే లెక్క. ఒక్కో చేతికి వచ్చేది పదే. మర నట్లతో బిగించే ఈ సెట్లు కొనేవాళ్లలో చాలామంది అప్పటికే నడకో, పరుగో, సైకిలో చేస్తూ కొంత తగ్గి, ఆ తర్వాత తూకం కదలక, 'ఇక వెయిట్స్ కూడా పట్టుకుందాం' అనుకున్నవాళ్లే. వాళ్ల అవసరాన్ని దృష్టిలో పెట్టుకునే ఈ సమీక్ష. తేల్చి చెప్పాలంటే, భుజాలకూ చేతులకూ ఇది చాలాకాలం వస్తుంది, కాళ్లకు త్వరగానే చాలదు. అయినా మొదటిసారి కొనేవాళ్లు దీన్నే తీసుకోవడం మంచిది, అదీ పోత ఇనుము ప్లేట్లదే.

బరువు ఒక్కటే చూసి కొంటే సగమే చూసినట్టు. బరువు ఎంతెంత పెంచుకుంటూ పోవచ్చన్నది అంతకన్నా ముఖ్యం. ఒకటిన్నర కిలోల రాడ్లు రెండు, 2.5 కిలోల ప్లేట్లు నాలుగు, 1.25వి నాలుగు, అరకిలోవి నాలుగు ఉన్న సెట్టు తీసుకోండి. ఒక్కో డంబెల్‌ను 1.5, 2.5, 4, 5, 6.5, 7.5, 9, 10 కిలోలుగా మార్చుకోవచ్చు. ఏ మెట్టు చూసినా కిలోన్నరకు మించి ఎగరదు. అరకిలో ప్లేట్లు లేని సెట్టులో 4 తర్వాత నేరుగా 6.5కి వెళ్లాలి, అంటే ఒక్కసారిగా అరవై శాతానికి పైగా పెరిగినట్టు. గుంజిళ్లలా కూర్చుని లేచే స్క్వాట్‌లో అది తెలియకపోవచ్చు. చేతులు పక్కలకు ఎత్తే లాటరల్ రైజ్‌లో మాత్రం భుజం వల్ల కాదు, నడుము ఊపి ఎత్తడం మొదలవుతుంది. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న 'అరకిలో ప్లేట్లు ఎన్ని ఉన్నాయి?' అన్నదే.

ప్లేట్లు రెండు రకాలు. లోపల సిమెంటు, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి చవక, నేల మీద చప్పుడు తక్కువ. కానీ అదే బరువుకు ఇనుముకన్నా బాగా మందం. 35 సెంటీమీటర్ల రాడ్‌లో మధ్య పట్టుకు పన్నెండు సెంటీమీటర్లు, ఒక్కో నట్టుకు మూడు పోగా ఒక్కో వైపు ప్లేట్లకు మిగిలేది ఎనిమిదిన్నర. ఇనుమైతే రెండు 2.5లు, రెండు 1.25లు ఒకే వైపు పట్టే వీలుంది. రెండు వైపులా అలా ఎక్కిస్తే ఒకే రాడ్ 16.5 కిలోలు అవుతుంది. సిమెంటువి అన్ని పట్టవు. ఇలా ఒకే రాడ్ మీద బరువంతా పెట్టగలగడమే కాళ్ల వ్యాయామానికి ఈ సెట్టులో ఉన్న ఒకే ఒక దారి, కాబట్టి సిమెంటు ప్లేట్లు కొంటే సెట్టులో సగం ఉపయోగం పోయినట్టే. పైగా ఒకట్రెండుసార్లు గట్టిగా కింద పడితే తొడుగు అంచు దగ్గర చీలి లోపలి పొడి రాలుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది నట్ల మీద. బరువు ఎత్తి దించేటప్పుడు ప్లేట్లు రాడ్ చుట్టూ కొంచెం కొంచెం తిరుగుతాయి, ఆ రాపిడికి నట్టు వెనక్కి తిరుగుతుంది. దాన్ని ఆపాల్సింది నట్టు లోపలి వైపు ఉండే రబ్బరు రింగు. అది ప్లేటుకు గట్టిగా ఒత్తుకున్నంత కాలం నట్టు కదలదు. రింగు ఎండి పగిలినా, ఊడిపోయినా, రాడ్ మీది మరకు నూనె తగిలినా వదులు మొదలు. తుప్పు రాకూడదని మరకు కూడా నూనె పూసేవాళ్లున్నారు, అది చేయకండి. నూనె ప్లేట్లకే, అదీ గుడ్డతో పల్చగా. వ్యాయామంలో ప్రతి సెట్టుకు, అంటే ఆగకుండా చేసే ఒక్కో విడతకు ముందు రెండు నట్లనూ ఒకసారి చేత్తో తిప్పి చూడాలి. తలపైకి ఎత్తే ప్రెస్‌కు ముందైతే తప్పనిసరి. ప్లేట్లు కదిలిన చప్పుడు వినిపిస్తే ఆ సెట్టు అక్కడితో ఆపేయండి.

ఆకారంలోనూ కొన్ని ఇబ్బందులున్నాయి. గుండ్రటి ప్లేట్లు కాబట్టి నేల మీద దొర్లుతాయి. వీటి మీద చేతులు పెట్టి పుషప్స్ చేస్తే మణికట్టు మడతపడే ప్రమాదం ఉంది. ఆ పనికి ఆరు పలకల డంబెల్స్ వేరే ఉన్నాయి. కూర్చుని తొడల మీద పెట్టుకుంటే రాడ్ కొస గుచ్చుకుంటుంది. గోబ్లెట్ స్క్వాట్‌లో డంబెల్‌ను నిలువుగా పట్టుకుని పై ప్లేటు కింద అరచేతులు పెడతాం కదా, అప్పుడు పైకి పొడుచుకొచ్చిన మర కొస గొంతు కింద తగులుతుంది. డంబెల్‌ను ఛాతీకి నాలుగు వేళ్ల దూరంలో ఉంచితే సరి. పట్టు దగ్గర గరుకు గీతలు ఉన్న రాడ్ తీసుకోండి. నున్నటి క్రోమ్ రాడ్ చెమట పడితే జారుతుంది.

ఇక అసలు ప్రశ్న. నడక, పరుగు లాంటి కార్డియో చేస్తున్నవాళ్లకు ఇది ఎందుకు? తిండి తగ్గించి బరువు దిగుతున్నప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా కొంత పోతుంది. బరువులు ఎత్తితే ఆ నష్టం బాగా తగ్గుతుంది. డంబెల్స్ చేసే ముఖ్యమైన పని ఇదే. పెట్టెల మీద రాసే 'కండ పెరిగితే నిద్రలోనూ కొవ్వు కరుగుతుంది' అన్న మాటకు అంత విలువ ఇవ్వక్కర్లేదు. కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చుచేసేది సుమారు 13 కేలరీలు. కొత్తగా రెండు కిలోల కండ వచ్చినా, అదీ చాలా శ్రమపడితేనే, మహా అయితే ఒక బిస్కెట్టు పాటి. అరగంట డంబెల్స్‌కు అయ్యే ఖర్చు కూడా అరగంట పరుగుకన్నా తక్కువే. డంబెల్ పట్టుకుని పక్కలకు వంగితే నడుము కొవ్వు తగ్గుతుందన్న బొమ్మ కూడా కొన్ని పెట్టెల మీద ఉంటుంది. ఒకచోట కండకు పనిచెబితే అక్కడి కొవ్వే కరుగుతుందన్నది నిజం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతోపాటు, ముఖ్యమైన కండరాలన్నిటికీ పని తగిలేలా కనీసం రెండు రోజుల కండర వ్యాయామం చెప్పాయి. ఈ సెట్టుతో ఆ రెండు రోజులు హాయిగా గడుస్తాయి. వారానికి ఐదు రోజులు నడిచేవాళ్లు అందులో రెండు రోజుల నడకను కుదించి డంబెల్స్ పెట్టుకుంటే చాలు, ఉన్నదానిమీద అదనంగా మోపితే మూడో వారానికే విసుగొస్తుంది. రెండూ ఒకే రోజు చేయాల్సివస్తే ముందు బరువులు, తర్వాత నడక. అలసిన కాళ్లతో డంబెల్ పట్టుకుంటే భంగిమ చెడుతుంది.

నట్టు విప్పి ప్లేట్లు మార్చడానికి ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు పోతుంది. వ్యాయామానికీ వ్యాయామానికీ మధ్య మారుస్తూ కూర్చుంటే అరగంట పని గంట అవుతుంది, చాలామంది ఈ సెట్టును మూలన పడేసేది ఇందుకే. మార్పు ఒక్కసారే వచ్చేలా క్రమం కట్టుకోవాలి. మొదటి భాగంలో ఒకే రాడ్ మీద బరువు పెట్టుకోండి, కొత్తవాళ్లకు పది కిలోలు చాలు. దాంతో గోబ్లెట్ స్క్వాట్, రెండు చేతులతో పట్టుకుని నడుము దగ్గర మడిచే రోమేనియన్ డెడ్‌లిఫ్ట్, కుర్చీ మీద ఒక చెయ్యి ఆన్చి రెండో చేత్తో లాగే రో. ఈ మూడూ అయ్యాక ప్లేట్లను రెండు రాడ్లకూ పంచి, చేతికి 4 లేదా 5 కిలోలతో నేల మీద పడుకుని పైకి నెట్టే ఫ్లోర్ ప్రెస్, నిలబడి ఓవర్‌హెడ్ ప్రెస్, ఒక కాలు ముందుకు వేసి స్ప్లిట్ స్క్వాట్. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మొదటి రెండు వారాలు రెండేసి సెట్లు, తర్వాత మూడు. మధ్యలో నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు ఆగాలి. చెమట పట్టాలని ఆ విరామం కోసేయకండి, చెమట కోసం నడక ఉంది కదా.

ఎంత బరువు అన్నదానికి సులువైన గుర్తు ఉంది. సెట్టు ముగిసేసరికి ఇంకో రెండు మూడు సార్లు చేయగలను అనిపించాలి. ఇంకో పది చేయగలిగితే ఆ బరువు చాలదు. గులాబీ రంగు ఒక కిలో డంబెల్స్‌తో యాభైసార్లు ఊపడం వల్ల చేతులు నొప్పి పుడతాయేమో గానీ కండకు పెద్దగా అందేదేమీ లేదు. అన్ని సెట్లలోనూ పన్నెండు చక్కగా వస్తూ, వరసగా రెండుసార్లు అలా జరిగితే పై మెట్టుకు వెళ్లండి. అప్పుడు మళ్లీ ఎనిమిదికి పడిపోతుంది, అది సహజం.

తప్పులు ఎక్కువగా జరిగేది రోమేనియన్ డెడ్‌లిఫ్ట్‌లో. మోకాళ్లు కొద్దిగా వంచి, పిరుదులు వెనక్కి నెడుతూ, డంబెల్ తొడలకు దగ్గరగా జారుతూ దిగాలి. తొడల వెనక లాగినట్టు అనిపించాక ఆగిపోవాలి, నేలకు తాకించాలని ఏమీ లేదు. తాకించబోతే వీపు గుండ్రమై భారమంతా నడుము మీద పడుతుంది. రోలో అయితే మోచేతిని పైకి కాదు, తుంటి వైపు లాగాలి. పైకి లాగితే పని వీపును వదిలేసి మెడ దగ్గరి కండరాలకు వెళ్తుంది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. బీపీ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, వాళ్లూ గుండె జబ్బు ఉన్నవాళ్లూ డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

మొదటి రెండు మూడు వారాల్లో తూకం తగ్గకపోగా కిలో దాకా పెరిగినా కంగారు పడి సెట్టును తప్పుపట్టకండి. కొత్త శ్రమకు కండల్లో నీరు చేరుతుంది, కండలు దాచుకునే పిండిపదార్థమైన గ్లైకోజెన్ నిల్వలు పెరిగితే ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీరు పట్టి ఉంటుంది. టేపుతో నడుము చుట్టుకొలతను బొడ్డు దగ్గర, వారానికోసారి, పొద్దున్నే ఏమీ తినకముందు కొలిచి రాసుకోండి. తిండిని ఇంకా కోసేయడం ఈ దశలో పొరపాటు. వారానికి శరీర బరువులో అరశాతం నుంచి ఒక శాతం తగ్గుదల చాలు, ప్రోటీన్ కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల దగ్గర ఉంటే కండ నిలుస్తుంది. బాగా ఎక్కువ బరువున్నవాళ్లు ఈ లెక్కను చేరాలనుకునే బరువు మీద వేసుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఈ అంకె వర్తించదు.

డయల్ తిప్పితే బరువు మారే రకం దీనికి పోటీ. మార్చడానికి కొన్ని సెకన్లే, ఒక్కోటి ఇరవై కిలోలు దాటే మోడళ్లున్నాయి, కాళ్ల సమస్యా తీరుతుంది. కానీ ధరలో పోలికే లేదు, లోపల ప్లాస్టిక్ భాగాలున్నవి కింద పడితే పాడవుతాయి, పైగా తక్కువ బరువు పెట్టినా పొడవు అంతే ఉండి చేతికి అడ్డొస్తుంది. రబ్బరు బ్యాండ్లు ప్రయాణానికి బాగుంటాయి. ఎంత బరువు పెంచామో కొలవలేం గనుక ముఖ్య సాధనంగా పనికిరావు.

పెట్టె తెరిచిన రోజే ప్లేట్లన్నీ వంటింటి తూకం మీద పెట్టి చూడండి. 2.5 అని ఉన్నది కాస్త అటూ ఇటూ రావడం మామూలే, దగ్గర బరువున్నవాటిని జతలుగా కలిపి వాటి వెనక పెయింటుతో గుర్తు పెట్టుకుంటే డంబెల్ ఒకవైపు ఒరగదు. నట్టు మర చివరిదాకా తడబడకుండా తిరగాలి, పట్టేస్తే వెంటనే మార్పించుకోండి. కాళ్లకు 16.5 చాలకపోతే ముందు మూడు సెకన్లు తీసుకుని దిగడం, కింద ఒక క్షణం ఆగడం, ఆపై స్ప్లిట్ స్క్వాట్‌లో వెనక కాలిని కుర్చీ మీద పెట్టడం ప్రయత్నించాలి. అదీ తేలికైతే 5 కిలోల ప్లేట్లు రెండు కొని, ఒక్కో వైపు ఒక 2.5 తీసి దాని స్థానంలో ఒక్కోటి ఎక్కించాలి. వాటి రంధ్రం కొలవకుండా కొనకండి. రాడ్లు 25, 28 మిల్లీమీటర్లలో వస్తాయి, జిమ్‌లలో వాడే పెద్ద ప్లేట్లకు 50 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. 28 రాడ్‌కు 25 రంధ్రం ఎక్కదు. 25 రాడ్‌కు 28 రంధ్రం ఎక్కుతుంది గానీ ప్లేటు ఊగుతూ నట్టును వదులు చేస్తుంది.