పాండవుల గుట్టలకు వేసుకెళ్లిన బూట్లు

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చిన్న దుకాణంలో 1,450 రూపాయలకు కొన్నాను ఈ బూట్లు. పైన దళసరి గుడ్డ, కింద లోతుగా గాట్లున్న రబ్బరు సోల్, చేతిలో పట్టుకుంటే పెద్ద బరువేమీ లేదు. రెండు వారాలు పొద్దున నడకకు వేసుకున్నాను. పద్మాక్షి గుట్ట మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగాను. అసలు పరీక్ష మాత్రం మార్చి రెండో ఆదివారం, పాండవుల గుట్టల మీద.

మేం పదో తరగతి కలిసి చదివిన ఏడుగురం, అందరం యాభై దాటిన ఆడవాళ్లం. శివరాత్రి వెళ్లాక, ఎండలు ముదరకముందే ఏదో ఒక గుట్ట ఎక్కడం నాలుగేళ్లుగా అలవాటు. పోయినేడు చెప్పులతో దిగుతూ జారి పడ్డాను, నెల రోజులు చీలమండకు పట్టీ కట్టుకున్నాను. ఆ భయం పోలేదు. ఎక్కడికి నడిచినా కళ్లు కాళ్ల దగ్గరే ఉండేవి.

తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరి, పరకాల మీదుగా రేగొండ దాటి, రావులపల్లి దగ్గర బండి దిగాం. అక్కడిది ఇసుకరాయి. అరిగి రాలిన సన్నటి ఇసుక బండల మీద పరుచుకుని ఉంటుంది, దాని మీద ఎండుటాకులు. మామూలు చెప్పయితే సర్రున జారుతుంది. ఈ సోల్ ఆ ఇసుక మీద కూడా గట్టిగా పట్టింది. ఏటవాలు బండ మీద మొదట మడమ ఆనించి చూశాను, కదల్లేదు. రెండోసారి చూడకుండానే అడుగు వేశాను.

కాసేపటికి వెనక నుంచి మా దోస్తు, "ఏందే, ఇయ్యాల కిందికి చూస్తనే లేవు!" అంది. అప్పుడు తెలిసింది నాకు. ఆకు రాలిన కొమ్మల నిండా మోదుగు పూలు, ఎర్రగా మండుతున్నట్టున్నాయి. బూరుగు చెట్టు మీద గోరింకల గోల. నాలుగేళ్లలో ఇవన్నీ తీరిగ్గా చూసింది ఈసారే. 1990లో వెలుగులోకి వచ్చిన, బండల మీద పూర్వకాలం వాళ్లు గీసిన బొమ్మల దగ్గర చాలాసేపు నిలబడ్డాం. జింకలు, అడవిదున్న, ఎరుపూ తెలుపూ గీతలు. గుండు నీడలో మెడ ఎత్తి చూస్తూ, పక్కకు జరుగుతూ, కాలి కింద ఏముందో మర్చిపోయాను. బూట్ల నుంచి నేను కోరుకున్నది ఇదే.

అక్కడే నీడన కూర్చుని సర్వపిండి పంచుకున్నాం. ఒకామె పచ్చిపులుసు సీసా తెచ్చింది, ఇంకొకామె వాళ్ల ఊరి మోదుగాకు విస్తర్లు. పెళ్లయి ముప్పై ఏళ్లయినా ఆ ఏడుగురిలో ఎవరు కారం ఎక్కువ తింటారో అందరికీ గుర్తే.

లోపాలు రెండున్నాయి. ఒకటి, ముందు భాగం ఇరుకు. దిగేటప్పుడు పాదం ముందుకు జారి బొటనవేలు కొట్టుకుంది, ఇంటికి వచ్చి చూస్తే గోరు కమిలిపోయింది. దిగే ముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకుంటే పాదం జారదని మాలో బ్యాంకులో పనిచేసే ఆమె దారిలో చూపించింది, ఆ తర్వాత నొప్పి తగ్గింది. రెండోది, గుడ్డకు పల్లేరు కాయలు, గడ్డి ముళ్లు గుచ్చుకుంటాయి. సాయంత్రం అరగంట కూర్చుని పీకాల్సి వచ్చింది. కొన్ని మేజోళ్ల దాకా దిగాయి. వానకు వీటిని నమ్మను, గుడ్డ నీళ్లు పీల్చేస్తుంది.

కొనాలనుకునేవాళ్లు సాయంత్రం పూట వెళ్లండి, రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మీరు వేసుకునే మందపాటి మేజోళ్లు వెంట తీసుకెళ్లండి. బొటనవేలి ముందు ఒక వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. నేను పొద్దున్నే, వట్టి కాళ్లతో వేసి చూసి 6వ సైజు తీసుకున్నాను, 7 తీసుకోవాల్సింది. దుకాణంలో మార్చి ఇవ్వమంటే, వాడినవి కదా అన్నారు, అదీ న్యాయమే.

మా వాళ్లలో ముగ్గురు ఇవే కొంటామన్నారు. ముగ్గురికీ ఒక సైజు పెద్దది చెప్పాను. ఉగాది లోపు దేవునూరు దగ్గర ఇనుపరాతి గుట్టలకు వెళ్లాలని అనుకున్నాం, అప్పటికి గోరు మానితే చాలు.