బేస్ యాంప్ కొనేవారికి హెచ్చరిక: పెట్టె వెనుక రాసిన 300 వాట్లను నమ్మి డబ్బు ఇవ్వకండి

విజయవాడలో గిటార్, బేస్ వాయించేవారికి ఆ దుకాణం తెలియనిది కాదు. తీగలు కావాలన్నా, కీబోర్డుకు స్టాండు కావాలన్నా మనలో చాలామంది అక్కడికే వెళ్తాము కనుక పేరు రాయవలసిన పని లేదు. కొత్త బేస్ యాంప్ (బేస్ గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకరు పెట్టె) అని చెప్పి, లోపలి స్పీకరు మార్చేసిన పెట్టెను వాళ్ళు నాకు రూ. 34,000కు అమ్మారు. దాన్ని వెనక్కి తీసుకువెళ్ళినప్పుడు నలుగురి ముందు అవమానించి పంపారు. క్రిస్మస్ కార్యక్రమాలకు, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలకు ఇప్పుడు చాలామంది యాంప్‌లు చూస్తున్నారు కాబట్టి, కోపం చల్లారేదాకా ఆగకుండా ఇది రాస్తున్నాను.

నేను ఆదివారాలు మా సంఘంలో, మిగిలిన రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. ఇంట్లో సాధనకు, వేదిక మీదకు ఒకే యాంప్ సరిపోతుందా అని దుకాణంలో అడిగాను. ఇంట్లో సాధన ఒక్కటే అయితే ఎనిమిది అంగుళాల స్పీకరుతో 25 వాట్ల చిన్న పెట్టె చాలు. డ్రమ్మరు పక్కన నిలబడి వాయించాలంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. బేస్‌లో అన్నిటికంటే లావైన ఇ తీగను ఖాళీగా మీటితే సెకనుకు సుమారు 41 కంపనాలు వస్తాయి, ఐదు తీగల బేస్‌లో బి తీగ 31 దాకా దిగుతుంది. అంత కింది స్థాయి స్వరాలను మన చెవి తేలికగా పట్టుకోదు కనుక, గిటార్ యాంప్‌కు 30 వాట్లు సరిపోయే చోట బేస్‌కు అంతకు ఎన్నో రెట్లు కావాలి. పైగా వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి రెండింతలుగా వినిపించాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి. చిన్న హాలులో డ్రమ్స్‌తో కలిసి వాయించడానికి 100 వాట్లు కనీసం అనుకుంటే, 200 నుంచి 300 మధ్య ఉంటే యాంప్‌ను అదిమి నడపకుండా నిశ్చింతగా వాయించవచ్చు.

ఈ లెక్క దుకాణదారుకు నాకంటే బాగా తెలుసు. అందుకే ఆయన మొదటి మాటే 300 వాట్లు అన్నాడు. బేస్ వాయించేవారికి ఆ అంకె మీద గౌరవం ఉంటుంది. 1969లో ఆంపెగ్ కంపెనీ పెద్ద వేదికల కోసం తెచ్చిన ఎస్‌వీటీ హెడ్ (స్పీకరు లేని విడి యాంప్) 300 వాట్లది, దానికి పదేసి అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉన్న రెండు కేబినెట్లు తగిలించేవారు. ‘పెద్ద బ్యాండ్లు వాడే పవర్ సార్ ఇది, మీ ఆర్కెస్ట్రాకు జీవితాంతం సరిపోతుంది’ అంటూ ఆయన పెట్టె వెనుక పలక చూపించాడు. అక్కడ నిజంగానే 300 వాట్లు అని ఉంది. ఆ అంకె కరెంటు ప్లగ్గు పక్కన ఉంది. అది ఆ యాంప్ గోడ నుంచి తీసుకునే విద్యుత్తు, స్పీకరుకు అందించే శక్తి కాదు. అసలు అవుట్‌పుట్ 150 వాట్లని, అదీ 8 ఓమ్‌ల (కరెంటుకు స్పీకరు చూపే నిరోధానికి కొలత) లోడ్‌కని, అంతకంటే తక్కువ ఓమ్‌లు తగిలించవద్దని స్పీకరు సాకెట్ పైన చిన్న అక్షరాలలో ఉంది. సరిగ్గా ఆ అక్షరాల మీదే ధర చీటీ అంటించి ఉంది. చీటీ ఊడదీశాకే నాకు అవి కనిపించాయి.

నా బేస్ నేను తీసుకువెళ్ళాను. పెద్దగా పెట్టి వాయించి చూస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. పక్క షాపుల వాళ్ళు గొడవ చేస్తారని చెప్పి, తక్కువ వాల్యూమ్‌లో బేస్ నాబ్ చివరిదాకా తిప్పి, కుర్రవాడి చేత పై తీగల మీద నాలుగు ముక్కలు వాయించి వినిపించాడు. ఏసీ గదిలో, పక్కన ఇంకే వాద్యమూ లేనప్పుడు, ఆ స్థాయిలో ఏ పెట్టె అయినా బాగానే ఉంటుంది. జీఎస్టీ బిల్లు అడిగితే సిస్టమ్ పనిచేయడం లేదని, వాట్సాప్‌లో పంపిస్తామని చెప్పి, ‘బేస్ యాంప్ 300 వాట్స్, కొత్తది’ అని చేత్తో రాసిన చీటీకి ముద్ర వేసి ఇచ్చారు. ఆ బిల్లు ఇప్పటికీ రాలేదు.

మొదటి కార్యక్రమంలోనే విషయం బయటపడింది. ఆక్టోప్యాడ్, డ్రమ్స్, కీబోర్డు కలిసి మొదలైతే నా బేస్ ఎక్కడుందో నాకే వినిపించలేదు. వాల్యూమ్ పెంచితే ఇ తీగ స్వరం పలకకుండా బుడబుడమని చిరిగిన శబ్దం వచ్చింది. అరగంట దాటేసరికి యాంప్ దానంతట అదే ఆగిపోయింది, వెనుక లోహపు రెక్కలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. చల్లారాక మళ్ళీ పలికి, మరో రెండు పాటలకు మళ్ళీ ఆగింది. పెళ్ళివారి ముందు మా కీబోర్డు అన్నయ్య ఎడమ చేత్తో బేస్ నింపుతూ కార్యక్రమం గడిపించారు. మర్నాడు దుకాణానికి ఫోన్ చేస్తే, జనరేటర్ కరెంటు వల్ల అలా అయి ఉంటుందని, మీ ఊళ్ళో ఎవరైనా మెకానిక్ ఉంటే ఒకసారి విప్పించి చూడండని చెప్పారు. ఆ మాట ఎందుకు చెప్పారో నాకు తరువాత అర్థమైంది.

ముప్పై ఏళ్ళుగా ఆంప్లిఫైయర్లు బాగుచేస్తున్న పెద్దాయన మా ఎదుటే, వీడియో తీస్తుండగా, పెట్టె విప్పారు. స్పీకరు బిగించిన స్క్రూల తలలు అప్పటికే అరిగి ఉన్నాయి, తీగలకు చేతి సోల్డరింగ్ ఉంది. లోపల ఉన్నది కంపెనీ బేస్ స్పీకరు కాదు, ఊరి డీజే పెట్టెల్లో వేసే 15 అంగుళాల స్పీకరు. మల్టీమీటరు పెడితే 3.3 ఓమ్‌లు చూపించింది. ఎనిమిది ఓమ్‌ల స్పీకరు మీటరులో సాధారణంగా 6 దగ్గర చూపుతుంది, మూడు మూడున్నర చూపితే అది 4 ఓమ్‌లది. ఎనిమిదికి తగ్గకూడదని రాసి ఉన్న యాంప్‌కు నాలుగు తగిలిస్తే దాదాపు రెట్టింపు కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది. ఆ రక్షణ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయేవని ఆయన చెప్పారు. తక్కువ ఓమ్‌లు ఎప్పుడూ చెడ్డవని దీని అర్థం కాదు. ఫెండర్ రంబుల్ 500 వంటి కాంబో (యాంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉన్నది) తన సొంత స్పీకర్లతో 350 వాట్లు ఇచ్చి, మరో 8 ఓమ్‌ల కేబినెట్ కలిపి మొత్తం 4 ఓమ్‌లు అయినప్పుడే 500 ఇస్తుంది, ఎందుకంటే దాన్ని అలా తయారుచేశారు. నాకు అమ్మినది అలా తయారైనది కాదు.

పెట్టెను, వీడియోను తీసుకుని దుకాణానికి వెళ్ళాను. కొన్న రోజున ‘సార్, మీరు’ అని కుర్చీ వేసిన మనిషి, ఆ రోజు లేచి నిలబడకుండానే ‘ఏంటి బాబూ, ఏమైంది’ అన్నాడు. వీడియో పది సెకన్లు కూడా చూడలేదు. ‘విప్పేశావు కదా, ఇక వారంటీ ఎక్కడిది? స్పీకరు నువ్వే మార్చి తెచ్చావేమో నాకేం తెలుసు’ అన్నాడు. విప్పించమన్నది మీరే కదండీ అంటే, ఫోన్‌లో మాట్లాడినది తాను కాదన్నాడు. ధర చీటీ కింద ఉన్న 150 వాట్లు, 8 ఓమ్‌ల రాత చూపించాను. అప్పుడు గొంతు పెంచి, అక్కడ గిటార్ చూస్తున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు వింటుండగా ఇలా అన్నాడు: ‘వాయించడం రాక ఫుల్ పెట్టి కాల్చుకుని వచ్చి మా మీద పడతావేంటి? అసలు బేస్ ఎవడు వింటాడయ్యా? కీబోర్డులో ఎడమ చెయ్యి వేస్తే అయిపోయే పనికి ఇంత రాద్ధాంతమా?’

డబ్బు పోయిన బాధ కంటే ఆ మాట నన్ను ఎక్కువగా కాల్చింది. బేస్ వాద్యాలు అమ్మి బతికే మనిషి, బేస్ వాయించేవాడి ముఖం మీద అన్న మాట అది. పాటకు ఆధారస్వరం నిలబెట్టేది, తాళాన్ని రాగంతో కట్టిపడేసేది బేస్. అది సన్నగిల్లితే క్వైర్‌లో స్వరం ఎలా జారిపోతుందో, నాట్యానికి అడుగు ఎలా తప్పుతుందో వాయించేవారికి, పాడేవారికి తెలుసు. వినేవారు ఇది బేస్ అని గుర్తించకపోవచ్చు, అది ఆగిన క్షణం మాత్రం ఏదో తగ్గిందని తప్పక గమనిస్తారు. దాన్ని ఎవరూ వినరన్న నమ్మకంతోనే ఆయన లోపల ఏ స్పీకరు పెట్టినా చెల్లుతుందనుకున్నాడని నా అభిప్రాయం.

గోడ మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు చూపించి నన్ను పంపేశాడు. ఆ బోర్డు చట్టం ముందు నిలవదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజులలోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. చేతిరాత చీటీ, యూపీఐ చెల్లింపు వివరం, విప్పినప్పటి వీడియో జతచేసి జిల్లా కమిషన్‌కు వెళ్తున్నాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు, వ్యవధి రెండేళ్ళు. నాలాగే ఆ దుకాణంలో మోసపోయినవారు ఉంటే చీటీలు పారేయకండి.

కొనబోయేవారు కనీసం ఇవి చూసుకోండి. మీ బేస్‌తో, మీ చేత్తో, టోన్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, ఖాళీ ఇ తీగను వేదిక మీద అవసరమయ్యే వాల్యూమ్‌లో పావుగంట వాయించనివ్వని చోట కొనకండి. వెనుక పలకపై అవుట్‌పుట్ వాట్లు ఎన్ని ఓమ్‌లకో చదవండి, చీటీ అడ్డుగా ఉంటే తీయించండి. సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు చేతికి వచ్చాకే డబ్బు పంపండి. ఆరుబయట సభలకు ఎంత పెద్ద యాంప్ అయినా ఒంటరిగా చాలదు కాబట్టి, సౌండ్ వాళ్ళ మిక్సరుకు నేరుగా లైన్ ఇచ్చే డీఐ అవుట్, రెండు పరికరాల ఎర్త్‌లు కలిసినప్పుడు వచ్చే గుర్రును తగ్గించే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నాయో లేదో చూడండి. అవి ఉంటే 150 నిజమైన వాట్లతో కూడా పని జరుగుతుంది.

నేను తిరిగి వచ్చేటప్పుడు అదే రకం పెట్టె ఇంకొకటి మెట్ల పక్కన, ప్లాస్టిక్ కవరుతో, కొత్తదని రాసిన చీటీతో ఉంది. కవరు లోంచి కూడా దాని స్పీకరు జాలీ స్క్రూల చుట్టూ గీతలు కనిపించాయి. నల్ల జాలీ, ఎడమ మూల కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. దాన్ని ఎవరూ కొనకండి.