పిల్లలమర్రి గుడులు: ఒక పూటంతా కేటాయించాల్సిన ఊరు

ముందు దారి సంగతి. ఫోనులో పిల్లలమర్రి అని వెతికితే తరచూ మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు వస్తుంది. హైదరాబాదుకు అది ఒక దిక్కు, ఇది ఇంకో దిక్కు. అందుకే 'పిల్లలమర్రి, సూర్యాపేట' అని కొట్టాలి. విజయవాడ వెళ్లే బస్సెక్కి సూర్యాపేటలో దిగితే అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరమే. రానుపోను, మధ్యలో ఆగే సమయం అన్నీ కలిపి ముందే మాట్లాడుకోండి. ఊళ్లో తిరుగు ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల ఊరిది. మొదట ఎరకేశ్వరాలయం చూడాలి. బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన గుడి. ఎత్తైన అరుగు మీద ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లకముందే చుట్టూ ఒకసారి నడవండి. కాకతీయుల పనితనం అరుగు అంచుల్లోనే మొదలవుతుంది. రంగమంటపంలో నడిమి నాలుగు స్తంభాల దగ్గర తొందరపడొద్దు. కింద చదరం, పైన గుండ్రం, మళ్లీ చదరం, ఇలా ఒక్కో స్తంభంలో రాయి రూపు మారుతూ పోతుంది. నల్లరాయిని ఎంత నునుపు చేశారంటే, ఏటవాలు వెలుగులో ఎదుటి మనిషి నీడ అందులో మసకగా కదులుతుంది. కొన్ని స్తంభాలు తడితే మోగుతాయని అందరూ చెబుతారు. నాణేలతో, రాళ్లతో మాత్రం కొట్టొద్దు. ఎనిమిది వందల ఏళ్ల నునుపు మీద పడ్డ గీత మళ్లీ పోదు.

పైకప్పు చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. నాలుగు మూలల్లో త్రికోణపు పలకలు పెట్టి నడిమి ఖాళీని తగ్గిస్తారు. ఆపైన మరో వరుస అడ్డం తిప్పి పెడతారు. చివరికి ఒక్క పలకతో మూసేస్తారు. అంత బరువైన రాళ్లు దూలాల మీద నిలిచే తీరు ఇదే.

అదే ఊళ్లోని నామేశ్వరాలయంలో కాకతీయుల నాటి చిత్రలేఖనం ఆనవాళ్లు మిగిలి ఉన్నాయి, క్షీరసాగర మథనం అందులో ఒకటి. బాగా వెలిసిపోయింది. ఎండలోంచి నేరుగా లోపలికి వెళితే ఏమీ కనబడదు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఐదు నిమిషాలు కూర్చోండి. ఫోను ఫ్లాష్ వద్దు, దాని వెలుగు నునుపు రాయి మీద తిరగబడి ఫొటో తెల్లబారుతుంది. చిత్రానికీ మంచిది కాదు. త్రికూటేశ్వరం పేరులోనే ఉంది: ఒకే మంటపం, మూడు వైపులా మూడు గర్భగుళ్లు. చెన్నకేశవాలయానికీ వెళ్లాలి, శివాలయాలే చూసి తిరిగితే ఊరు సగమే చూసినట్టు.

ఇవి పూజలు జరిగే గుడులు. మధ్యాహ్నం తలుపులు మూసి ఉండవచ్చు, పైగా చెప్పుల్లేని కాళ్లకు బండలు నిప్పుల్లా తగులుతాయి. ఉదయం ఏడు నుంచి పది మంచి వేళ. నీళ్లు, చిన్న బైనాక్యులర్ వెంట ఉంచుకోండి. బస, భోజనం ఊళ్లో వెతక్కుండా సూర్యాపేటలోనే చూసుకోండి. హైవే వైపు గదిలో రాత్రంతా లారీల మోత, వెనక వైపు గది అడగండి.

రెండో రోజు ఉంటే నల్లగొండ పక్కన పానగల్లు. ఒకప్పుడు కందూరు చోడులనే రాజుల రాజధాని, అక్కడ రెండు శివాలయాలు చూడాలి. శిల్పాల జోరు కావాలంటే పచ్చల సోమేశ్వరం గోడలు, కట్టడం లెక్క కావాలంటే ఛాయా సోమేశ్వరం. ఛాయా సోమేశ్వరంలో శివలింగం మీద స్తంభాకారపు నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. అది నేరుగా పడే ఎండ నీడ కాదు. మంటపంలోకి పక్కల నుంచి వచ్చే పగటి వెలుగును స్తంభాలు అడ్డగించడం వల్ల ఏర్పడేది, అందుకే సూర్యుడితో పాటు జరగదు. గుంపుగా గుమ్మానికి అడ్డం నిలబడితే ఆ వెలుగే ఆగిపోతుంది. లోపల బల్బు వెలుగుతున్నా నీడ పలచబడుతుంది. మర్యాదగా అడిగి కాసేపు ఆర్పించుకుని, గుమ్మం పక్కకు ఒదిగి నిలబడి చూడండి.