తవ్విన మీటర్లకా, పనిచేసే కనెక్షన్లకా: ఇంటర్నెట్ నిధి దేనికిస్తే మేలు?

బెంగళూరు మారతహళ్లి, కె.ఆర్. పురం పీజీల్లో ఉండే మన పిల్లలు పండక్కి కదిరి, మదనపల్లె వైపు వెళ్తే, ఇంకో పది రోజులు ఊరినుంచే పని చేసుకుందామని చూస్తారు. చాలా ఊళ్లలో ఇంటర్నెట్ ఫైబర్ కేబుల్ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది. ప్రభుత్వ డబ్బు తేల్చాల్సింది ఆ మిగిలిన అరకిలోమీటరు సంగతి.

డబ్బు లేక కాదు. 2002 నుంచి టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్‌కి జమవుతోంది. 2023 టెలికాం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. మనం చేసే రీచార్జిలోంచి వెళ్లే డబ్బే అది.

మొదటి దారి, ప్రభుత్వమే లైను వేయడం. 2011లో ఆమోదం పొంది, తర్వాత భారత్‌నెట్‌గా మారిన పథకం ఇదే. లక్ష్యం సుమారు 2.5 లక్షల పంచాయతీలు. 1.65 మీటర్ల లోతు కందకం, 40 మిల్లీమీటర్ల పైపు, అందులో కేబుల్. కిలోమీటర్లను బట్టి బిల్లు కడితే కాంట్రాక్టరు దృష్టి తవ్వడం మీదే ఉంటుంది. రాతినేల వచ్చినచోట లోతు తగ్గుతుంది. ఆర్నెల్లకు నీళ్ల పైపు కోసం జేసీబీ వస్తే కేబుల్ తెగుతుంది. అతికించే బాధ్యత ఎవరిదో తేలదు. పైగా మొదట్లో మండలం నుంచి పంచాయతీకి ఒంటి లైనే, ఒకచోట తెగితే ఆ పైన ఉన్నవన్నీ చీకటే. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన పథకంలో రింగు పద్ధతి (ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి సిగ్నల్ వచ్చేలా లైను చుట్టి వేయడం), పదేళ్ల నిర్వహణ చేర్చారు. చాలా ముందే చేయాల్సిన దిద్దుబాటు. ఆంధ్రాలో ప్రభుత్వ సంస్థ ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగింది. పని చవగ్గా, త్వరగా అవుతుంది గానీ గాలివానకు స్తంభం కూలితే కేబులూ పోతుంది.

రెండోది, ప్రైవేటుకు సబ్సిడీ. ఎవరు తక్కువ అడిగితే వాళ్లకే పని. అమెరికా 2020లో ఇలాగే వేలం పెట్టి 9.2 బిలియన్ డాలర్ల సాయం ఖరారు చేసింది. గెలిచినవాళ్లలో చాలామంది తర్వాత చేతులెత్తేశారు, ఇంకొందరి దరఖాస్తులను ప్రభుత్వమే తిరస్కరించింది. తప్పు వేలానిది కాదు, వాళ్ల సత్తా ముందే చూడకపోవడానిది. బ్యాంకు గ్యారంటీ తీసుకుని, కనెక్షన్ వెలిగాకే వాయిదా చెల్లిస్తే ఈ దారే మెరుగు.

వెలగడమంటే ఏమిటో కొలవాలి. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో లైను మొత్తం మీద దాదాపు 28 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత) నష్టం భరించొచ్చు. సిగ్నల్‌ను 32 ఇళ్లకు చీల్చే స్ప్లిటరే 17 తినేస్తుంది, పది కిలోమీటర్ల ఫైబర్ ఇంకో 3.5. మిగిలిన ఏడున్నరలోనే అతుకులు, కనెక్టర్లు సర్దుకోవాలి. కనెక్టరు మీద దుమ్ము, గోడ మూలలో మడతపడ్డ డ్రాప్ వైరు (స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే తీగ) చాలు, ఇంట్లో మోడెమ్ మీద సిగ్నల్ పోయిందని చెప్పే ఎర్రదీపం వెలగడానికి. అందుకే పరీక్ష పంచాయతీ ఆఫీసులో పరికరాలుండే ర్యాక్ దగ్గర కాదు, ఇంటి గోడ దగ్గర జరగాలి. అక్కడ సిగ్నల్ కొలిచే మీటరు మైనస్ 27 డీబీఎం (అందిన సిగ్నల్ బలానికి కొలత) కంటే దిగువ చూపిస్తే ఆ కనెక్షన్‌ని లెక్కలోకి తీసుకోకూడదు.

నగరానికి వస్తే లెక్క వేరు. బెంగళూరులో కంపెనీలకు కొదవలేదు, దారికే కరువు. రెసిడెన్సీ రోడ్డులాంటి టెండర్‌షూర్ రోడ్లలో (పైపులు, తీగలకు ముందే చోటుంచి కట్టిన రోడ్లు) ఫుట్‌పాత్ కింద డక్టులు, అంటే కేబుళ్ల కోసం వేసిన ఖాళీ పైపులు ఉన్నాయి, తవ్వకుండానే కేబుల్ లాగొచ్చు. మిగతా చోట్ల చెట్లకీ స్తంభాలకీ వేలాడే తీగలను కార్పొరేషన్ కత్తిరిస్తే, వీధి మొత్తానికి నెట్ పోతుంది. ఇక్కడ డబ్బు డక్టులకే పెట్టాలి, మీటరుకింత అని అందరికీ ఒకే అద్దె ఉండాలి. పైపు చివర్లకు బిరడాలు బిగించకపోతే మొదటి వానకే బురద నిండుతుంది. తర్వాత కేబుల్ లాగడానికి లోపల తాడు వదలకపోతే మళ్లీ తవ్వకమే.

2020లో వచ్చిన పీఎం-వాణి, అంటే చిన్న దుకాణాల ద్వారా పబ్లిక్ వైఫై ఇచ్చే కేంద్ర పథకం, బస్టాండుకి పనికొస్తుంది, ఇంటి పనికి చాలదు. కంపెనీలకు బదులు వాడేవాళ్లకే బిల్లు సాయంగా కూపన్లిచ్చినా లైను లేనిచోట చెల్లవు.

పల్లెకు మా ఓటు రెండో దారికే, ఒక మార్పుతో: పంచాయతీ దాకా ఉన్న ప్రభుత్వ ఫైబర్‌ను ఊరి కేబుల్ ఆపరేటరుకు అద్దెకివ్వాలి. సబ్సిడీలో మూడో వంతు లైను పరీక్ష రిపోర్టు మీద, మూడో వంతు ఇళ్లలో కనెక్షన్లు వెలిగాక, మిగతాది మూడేళ్ల పాటు నెలనెలా. తెగిన లైను 24 గంటల్లో అతకకపోతే ఆ నెల వాయిదా కోత.