ఫాతిమానగర్ బ్రిడ్జి మీద టియాగో ఈవీ

ఏడేళ్లు పెట్రోల్ స్విఫ్ట్ నడిపి, ఎనిమిది నెలల కింద టియాగో ఈవీ తీసుకున్నాను, పెద్ద బ్యాటరీది. కాగితం మీద టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, దాదాపు ఒకటే: స్విఫ్ట్‌ది 113 న్యూటన్ మీటర్లు, దీనిది 114. కాకపోతే పెట్రోల్ ఇంజిన్ 4 వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటితే గానీ ఆ బలమంతా చూపించదు. మోటారుకు ఆ ఆలస్యం లేదు, కాలు పెట్టగానే లాగుతుంది.

సాయంత్రం కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ మధ్యలో ఆగితే, స్విఫ్ట్‌లో హాఫ్ క్లచ్ మీద ఎడమ కాలు వణికేది. వెనక ఆటో బంపర్‌కు ఆనుకునే ఉండేది, అదో టెన్షన్. ఇప్పుడు ఎడమ కాలికి పనే లేదు. స్పోర్ట్ మోడ్‌లో మొదటిసారి గట్టిగా తొక్కితే బాపు చేతిలోని మిర్చిబజ్జీల పొట్లం ఒళ్లో బోర్లాపడింది. ‘‘మెల్లగ పోనియ్ బిడ్డా, ఎవడు తరుముతుండు?’’ అన్నాడు. అప్పటి నుంచి సిటీ మోడే.

0 నుంచి 60 కిలోమీటర్ల వేగానికి 5.7 సెకన్లని కంపెనీ లెక్క. హనుమకొండ సిగ్నళ్ల మధ్య కావాల్సింది అంతే కదా. జనగామ హైవే మీద లారీని దాటేటప్పుడు మాత్రం ముందే చూసుకుని తొక్కుతాను. వేగం పెరిగేకొద్దీ మోటారు టార్క్ తగ్గుతుంది, కింది గేరు వేద్దామంటే ఉన్నది ఒకటే గేరు.