వెంచర్ ప్లాట్ల ఫోన్లు వస్తున్నాయా? ఫోన్‌పే కొట్టే ముందు ఇది చదవండి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ వాళ్లకే కాదు, భూపాలపల్లి, మంచిర్యాల, జగిత్యాల వైపు ఉన్నవాళ్లకు కూడా ఇది చెప్పాలి. "సార్, మామునూరు ఎయిర్‌పోర్టు దగ్గర వెంచర్, ఇవాళ ఒక్కరోజే ప్రీలాంచ్ రేటు" అని ఫోన్ వస్తే, మాట్లాడుతుండగా ఒక్క రూపాయి కూడా పంపకండి. టోకెన్ (బుకింగ్ అడ్వాన్స్) 5 వేలే కదా అనుకోకండి. అలాంటి ఫోన్లు చేసే ఆఫీసులో టెలికాలర్‌గా పనిచేసి బయటికొచ్చాను కాబట్టి ఇదంతా తెలుసు. కంపెనీ పేరు రాయడం లేదు. బోర్డు మార్చి ఇంకో పేరుతో తెరవడం వీళ్లకు వారం పని, కాబట్టి పద్ధతి గుర్తుపెట్టుకుంటేనే మేలు.

ఆ "ఇవాళ ఒక్కరోజే" ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెప్తాను. పొద్దున ఆఫీసుకు రాగానే అందరినీ నిలబెట్టి మీటింగ్. గోడమీద వైట్‌బోర్డు, అందులో మా పేర్లు, పేరు పక్కన ఎన్ని కాల్స్, ఎన్ని సైట్ విజిట్లు, ఎన్ని టోకెన్లు. సాయంత్రానికి టోకెన్ గడిలో సున్నా ఉన్నవాళ్లు ఇంటికి పోయేముందు అందరి ముందు లేచి కారణం చెప్పాలి. నెలాఖరుకు ఒక్క బుకింగ్ కూడా లేకపోతే జీతంలో కోత. అంటే మీకు చెప్పే గడువు ప్లాటుది కాదు, ఫోన్ చేసే పిల్లది. మర్నాడు అదే ప్లాటు, అదే రేటు. శ్రావణమాసం ఆఫర్ దసరా ఆఫర్ అవుతుంది, దసరా ఆఫర్ సంక్రాంతి ఆఫర్ అవుతుంది. గజం ధరలో మార్పు ఉండదు.

ఫోన్లో వెనక నుంచి అరుపులు, చప్పట్లు, గంట మోత వినిపిస్తే మాత్రం అస్సలు కంగారు పడకండి. అది మీకోసమే. కస్టమర్ కాస్త మెత్తబడ్డాడని తెలిస్తే కాలర్ చెయ్యెత్తి సైగ చేస్తుంది. పక్క సీట్లో ఉన్నవాడు "ప్లాట్ నంబర్ 42 బుక్‌డ్!" అని గట్టిగా అరుస్తాడు, ఒకరు గంట కొడతారు. "చూశారా సార్, మీకు చెప్పిన ఈస్ట్ ఫేసింగ్ దాని పక్కదే, ఇంకో మూడే ఉన్నాయి." ఆ మూడు ఎప్పుడూ మూడే. "మా మేనేజర్‌తో మాట్లాడి స్పెషల్ రేటు తెస్తాను, లైన్లో ఉండండి" అన్నప్పుడు మీకు పాట వినిపిస్తుంది కదా, ఆ టైంలో మేము మంచినీళ్లు తాగేవాళ్లం. వచ్చే మేనేజర్ పక్క కుర్చీలో పిల్లగాడే. డిగ్రీ అయిపోయి ఏడాది కూడా కాలేదు, గొంతు మాత్రం బొంగురుగా పెడతాడు.

మీరు ఏమన్నా దానికి కాగితం మీద జవాబు రాసి ఉంటుంది. ఇంట్లో అడగాలి అంటే, "మేడమ్‌ను కూడా లైన్లోకి తీసుకోండి సార్". పైసల్లేవు అంటే, "ఇప్పుడు టోకెన్ ఒక్కటే, మిగతాది 45 రోజుల్లో". తర్వాత చేయమంటే మీ పేరు హాట్ లీడ్స్‌లోకి, అంటే కొనేలా ఉన్నవాళ్ల లిస్టులోకి ఎక్కుతుంది, ఇక వేరే నంబర్ల నుంచి, వేరే గొంతులతో ఫోన్లే ఫోన్లు. మొహమాటానికి చెప్పిన సాకు ఏదైనా ఆ షీట్‌లో ఆశగానే నమోదవుతుంది. "కొనను, మళ్లీ చేయొద్దు" అని సూటిగా చెప్పి పెట్టేయండి. కాలర్‌కు కోపం రాదు, ఇంకో నంబర్ నొక్కే టైం మిగిలిందనుకుంటుంది.

ఎవరికి ఎప్పుడు చేయాలో కూడా లెక్క ఉంది. సింగరేణిలో దసరాకు ముందు లాభాల వాటా పడుతుంది, ఆ వారం డేటా అంతా భూపాలపల్లి, గోదావరిఖని నంబర్లే. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే సీజన్లో రైతులు. గల్ఫ్‌లో ఉన్న జగిత్యాల, సిరిసిల్ల వాళ్లకు శుక్రవారం, ఎందుకంటే చాలామందికి ఆ రోజే సెలవు. రిటైరైన టీచర్ల నంబర్లు ఎక్కడివని ఒకసారి అడిగితే టీమ్ లీడర్ "నీకెందుకు, డయల్ చెయ్" అన్నాడు. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం అనుమతి వచ్చిందో లేదో, స్క్రిప్టులో పది నిమిషాల దూరంలోని వెంచర్లు పుట్టుకొచ్చాయి. ఆ పది నిమిషాల్లో చేరాలంటే విమానంలోనే పోవాలి.

సైట్ విజిట్ గురించి ఎక్కువ చెప్పను. కారు, భోజనం ఫ్రీ. కారులో మీతోపాటు "నేను కూడా రెండు తీసుకున్నా అన్నా" అని చెప్పే మనిషి స్టాఫే.

ఇవన్నీ అమ్మే ఎత్తులు, ఎక్కడైనా ఉంటాయి అనొచ్చు. టోకెన్ కట్టాక జరిగేదే అసలు సంగతి. సింగరేణిలో రిటైరైన ఒక పెద్దాయన ఫోన్లోనే 50 వేలు పంపాడు, అదీ కంపెనీ ఖాతాకు కాదు, ఎవరిదో పర్సనల్ నంబర్‌కు. కొడుకు వచ్చి చూస్తే ఆ సర్వే నంబర్లో లేఅవుటే లేదు, ఇంకా పొలమే. పెద్దాయన మా ఆఫీసుకొచ్చి, "బిడ్డా, నాకు ఫోన్ చేసినామె ఎవలు? నా పైసలు నాకియ్యుమను" అని రిసెప్షన్లో కూర్చున్నాడు. చేసినామె లోపలే ఉంది. ఆమె ఫోన్లో చెప్పిన పేరు వేరు, కాబట్టి అలాంటి వాళ్లెవరూ లేరన్నారు. రసీదు వెనక "టోకెన్ తిరిగి ఇవ్వబడదు" అని చిన్న అక్షరాల్లో ఉందని చూపించారు. ఆయన కళ్లద్దాలు తెచ్చుకోలేదు, కొడుకు చదివి వినిపించాడు. ఆ నెల జీతం కూడా చూసుకోకుండా నేను మానేశాను. ఇప్పటికీ ఇవ్వలేదు, అది వేరే కథ.

ఫోన్ వచ్చినప్పుడు అడగాల్సింది ఒక్క ప్రశ్న: "రెరా నంబర్ చెప్పండి". రెరా అంటే ప్లాట్లు, ఇళ్ల అమ్మకాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 5 గుంటలు దాటిన లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం, బుకింగ్‌కు పిలవడం కూడా తప్పే. ప్రీలాంచ్ అని మురిపెంగా చెప్పేది చాలాసార్లు ఇదే. అమ్మిపెట్టే ఏజెంట్‌కు కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. "అప్లై చేశాం సార్, వస్తుంది" అంటే, వచ్చాకే మాట్లాడదామనండి. నంబర్ చెప్తే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో వేసి ఊరు, సర్వే నంబర్, ప్రమోటర్ పేరు కలుస్తున్నాయో లేదో చూడండి, ఎందుకంటే వేరే ప్రాజెక్టు నంబర్ చదివి వినిపించడం నేను చెవులారా విన్నాను. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందంటే ఎల్పీ నంబర్, అంటే లేఅవుట్ పర్మిట్ నంబర్ అడిగి కుడా ఆఫీసులోనే కనుక్కోండి. ఆ భూమి ఇంకా పొలంగానే ఉందా, ఎవరి పేరుమీద ఉంది అన్నది ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూముల రికార్డుల పోర్టల్ భూభారతిలో కనిపిస్తుంది. ఇంకొకటి, రాతపూర్వక అగ్రిమెంట్ చేసి రిజిస్టర్ చేయించకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని రెరా చట్టంలో 13వ సెక్షన్ చెప్తుంది. "45 రోజుల్లో సగం కడితే అగ్రిమెంట్ ఇస్తాం" అనే మాట అక్కడే తేలిపోతుంది.

ఫోన్ నంబర్ చూసినా కొంత తెలుస్తుంది. అమ్మకాల కాల్స్‌కు కేటాయించింది 140తో మొదలయ్యే సిరీస్. మాకు ఇచ్చినవి మామూలు పది అంకెల సిమ్‌లు, ఒకటి బ్లాకైతే డ్రాయర్లోంచి ఇంకోటి తీసేవారు. 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ (అమ్మకాల కాల్స్ వద్దనే నమోదు) పెట్టించుకోండి. ఆ తర్వాత కూడా వస్తే 7 రోజుల్లోపు అదే 1909కి ఫిర్యాదు ఇవ్వొచ్చు. సిమ్‌లు పోతే నిజంగానే వాళ్ల పని ఆగుతుంది, రెండు పూటలు ఖాళీగా కూర్చున్న రోజులు నాకు తెలుసు.

ఇప్పటికే కట్టినవాళ్లు ఉంటే, "ఇవ్వబడదు" అని రసీదు మీద ఉందని వదిలేయకండి. రెరాలో ఆన్‌లైన్‌గా ఫిర్యాదు చేయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. డబ్బు తీసుకున్నాక ఫోనూ ఆఫీసూ రెండూ మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. రేటు గురించి, ఎయిర్‌పోర్టు దూరం గురించి వాళ్లు వాట్సాప్‌లో పంపినవన్నీ ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కస్టమర్ గొడవ మొదలుపెట్టాడని తెలిస్తే మాతో మొదట చేయించే పని ఆ మెసేజ్‌లు ఇద్దరి ఫోన్లలోనూ పోయేలా డిలీట్ కొట్టించడమే.