డీప్ రెడ్‌ని మూడుసార్లు కొన్నాను

2013లో ‘డీప్ రెడ్’ అనే ఇటాలియన్ సినిమా మొదటిసారి చూసినప్పుడు దర్శకుడు డారియో అర్జెంటో నన్ను మోసం చేశాడనే అనుకున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన పాత డీవీడీ, పద్నాలుగు అంగుళాల లాప్‌టాప్. మార్క్ అనే పియానో కళాకారుడు రాత్రిపూట ఖాళీ కూడలిలో నిలబడి, పై అంతస్తు కిటికీలో ఒకామె హత్యకి గురవడం చూస్తాడు. ఒక్క పరుగున పైకి వెళ్తాడు. ఆ ఫ్లాట్‌లో నడవ పొడుగునా గోడలకి పెయింటింగులు, వాటి నిండా పాలిపోయిన మొహాలు. వాటి పక్కనుంచే వెళ్తాడు. ఆ తర్వాత సినిమా మొత్తం అతన్ని ఒకటే ప్రశ్న తొలిచేస్తుంది: వెళ్ళేటప్పుడు ఆ గోడ మీద చూసినదేదో తర్వాత కనపడలేదు, ఏమిటది? చివర్లో జవాబు తెలిశాక ఆ సీను వెనక్కి తిప్పి నాలుగైదుసార్లు చూశాను. జవాబు ఉండాల్సిన చోట నా డిస్కులో గోధుమరంగు మసక తప్ప ఏమీ లేదు.

కొన్నేళ్ళ తర్వాత అదే సీను, డీవీడీకన్నా ఎంతో స్పష్టమైన 4కే డిస్కులో, యాభై అయిదు అంగుళాల టీవీ మీద, మా అక్కతో కలిసి చూశాను. అక్కకి కథ తెలీదు. మార్క్ నడవ దాటి గదిలోకి వెళ్ళాడో లేదో, “ఒరేయ్, ఆపు. అక్కడేదో ఉంది, వెనక్కి పెట్టు” అంది. పెట్టలేదు, చివరిదాకా ఆగమన్నాను. చివర్లో “చూశాన్రా, నేను చూశాను!” అంటూ సోఫాలోంచి లేచి నిలబడింది. 1975లో సినిమా విడుదలైన నాటి నుంచీ జవాబు ఆ ఫ్రేములోనే ఉంది. నా పాత డిస్కే దాన్ని మింగేసింది.

ఇన్నేళ్ళుగా ఇలాంటి ఇటాలియన్ హత్యా రహస్యాల సినిమాలు, అంటే జాల్లోలు, కొంటున్న నాకు బాగా తెలిసొచ్చింది ఇదే. జాల్లో సినిమాకి మంచి ప్రింటు ఉండాలనుకోవడం సోకు కాదు. కథలో సగం ఆ ప్రింటులోనే ఉంటుంది.

జాల్లో అంటే ఇటాలియన్‌లో పసుపు. మొండడోరి ప్రచురణ సంస్థ 1929 నుంచి పసుపు అట్టలతో నేరపరిశోధన నవలలు వేస్తే, ఆ రంగే ఆ కథలకి పేరైపోయింది. మన డిటెక్టివ్ పాకెట్ నవలలు చదివి పెరిగినవాళ్ళకి ఆ అట్టల ఆకర్షణ విడమరిచి చెప్పక్కర్లేదు. సినిమాల్లో ఈ దారి వేసింది మారియో బావా. 1964లో ఆయన తీసిన ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’లో మొహానికి ముసుగు, నెత్తిన టోపీ, చేతికి గ్లౌజులతో హంతకుడు వచ్చాడు. 1970లో అర్జెంటో తన మొదటి సినిమా ‘ది బర్డ్ విత్ ది క్రిస్టల్ ప్లూమేజ్’ తీశాక, ఓ అయిదారేళ్ళపాటు ఇటలీలో ఇవి వరసపెట్టి వచ్చాయి. ఆ మొదటి సినిమా కూడా చూపు మీద నడిచేదే. హీరో ఒక ఆర్ట్ గ్యాలరీ ముందు రెండు అద్దాల తలుపుల మధ్య ఇరుక్కుపోతాడు. లోపల రక్తమోడుతున్న మనిషి కనిపిస్తుంది, చెయ్యి అందించడానికి లేదు. అంతా కళ్ళారా చూశాడు, అర్థం మాత్రం తప్పుగా చేసుకున్నాడు. మనమూ అతనితోపాటే అక్కడ నిలబడి అంతే తప్పుగా చూస్తాం.

డిస్కుల సంగతికి వస్తాను. డీప్ రెడ్‌ని నేను రెండోసారి కొన్నది బ్రిటన్ నుంచి తెప్పించిన బ్లూ-రేగా, అంటే డీవీడీకన్నా స్పష్టమైన డిస్కుగా. ఎంతో ఆశగా ప్లేయర్‌లో పెడితే ‘ఈ డిస్క్ ఇక్కడ ఆడదు’ అన్న మెసేజ్ వచ్చింది. బ్లూ-రేకి ప్రపంచాన్ని మూడు రీజియన్లుగా విడగొట్టారు, ఒక రీజియన్‌కి కట్టేసిన డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడదు. అమెరికా ఏ, యూరప్ బీ, మన దేశం సీ. ఈ సినిమాలు బాగా వేసే కంపెనీలు ఎక్కువగా బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉన్నాయి. అందుకని అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కొనుక్కోక తప్పలేదు. పైన చెప్పిన 4కే డిస్కులకి, అంటే యూహెచ్‌డీలకి, ఈ రీజియన్ గొడవ లేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నేరుగా యూహెచ్‌డీకి వెళ్ళిపోతే ఈ టెన్షన్ ఉండదు. షిప్పింగ్, సుంకం కలుపుకుంటే నాకు చాలాసార్లు డిస్క్ ధరకి దాదాపు మరో అంత అయింది. అందుకే ఒక్కొక్కటి తెప్పించను, మూడో నాలుగో కలిపి ఆర్డర్ పెడతాను.

ఆ తర్వాత నిడివి. డీప్ రెడ్ ఇటాలియన్ వర్షన్ రెండు గంటల పైచిలుకు, దాదాపు 127 నిమిషాలు. విదేశాలకి పంపిన వర్షన్‌లో ఇరవై నిమిషాలకి పైగా ఎగిరిపోయింది. కోసేసినవాటిలో హత్యలకన్నా మార్క్‌కీ, జర్నలిస్టు జియాన్నాకీ మధ్య నడిచే సరదా సీన్లే ఎక్కువ. ఆమె బుల్లి ఫియట్ కారులో మార్క్ కూర్చున్న సీటు కిందికి దిగిపోతుంది. ఇద్దరూ చెయ్యి చెయ్యి కలిపి బలం చూసుకుంటారు, ఆమే గెలుస్తుంది. అవి లేకపోతే సినిమా వేగంగా నడుస్తుంది, నిజమే. కానీ ఆ ఇద్దరి మీద మనకి ఇష్టం కలగదు, ఇష్టం లేని మనుషుల కోసం భయమూ వెయ్యదు. నేను ఎప్పుడు పెట్టినా పూర్తి వర్షనే పెడతాను.

పూర్తి వర్షన్‌ని ఇంగ్లిష్ ఆడియోతో చూస్తే మధ్యమధ్యలో పాత్రలు ఉన్నట్టుండి ఇటాలియన్‌లోకి మారిపోతాయి. మొదట నా డిస్క్ పాడైందనుకుని కంగారుపడ్డాను. కోసేసిన ఆ సీన్లకి ఇంగ్లిష్ డబ్బింగ్ దొరకదు, అదీ కారణం. అసలు అప్పటి ఇటాలియన్ సినిమాల్లో షూటింగ్‌లో శబ్దం పట్టే పద్ధతే తక్కువ. ఒక్కో నటుడు తనకొచ్చిన భాషలో మాట్లాడేవాడు, మాటలన్నీ తర్వాత స్టూడియోలో చెప్పించేవాళ్ళు. కాబట్టి ఇంగ్లిషూ డబ్బింగే, ఇటాలియనూ డబ్బింగే. డబ్బింగ్ గొంతులతో పెరిగిన మనకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. డీప్ రెడ్‌కి నా ఓటు ఇటాలియన్‌కే. హీరో అమెరికన్ అయిన క్రిస్టల్ ప్లూమేజ్‌కి మాత్రం ఇంగ్లిష్ ట్రాకే పెట్టుకుంటాను, పెదాలు కలుస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇటాలియన్ ఆడియో పెట్టినప్పుడు కింద వచ్చే సబ్‌టైటిల్స్ ఆ ఇటాలియన్ మాటలకి అనువాదమో, ఇంగ్లిష్ డబ్బింగ్‌ని మక్కీకి మక్కీ దించినవో చూసుకోవాలి. రెండు డబ్బింగుల్లో మాటలు వేరువేరుగా ఉంటాయి. నా దగ్గరున్న ఒక డిస్కులో తెర మీద మనిషి రెండు ముక్కలు మాట్లాడితే కింద రెండు లైన్ల వాక్యం పడుతుంది. మంచి కంపెనీలు ఇప్పుడు రెండు రకాలూ విడివిడిగా ఇస్తున్నాయి.

మూడోసారి కొన్నది ఆరో వీడియో (Arrow Video) అనే బ్రిటన్ కంపెనీ వాళ్ళు 2021లో తెచ్చిన 4కే యూహెచ్‌డీ. అందులో నేను ఎక్కువసార్లు చూసింది నడవ సీను కాదు, స్నానాలగది సీను. హంతకుడు ఒకావిణ్ణి మరుగుతున్న నీళ్ళ తొట్టిలో ముంచి వెళ్ళిపోతాడు. గది నిండా ఆవిరి. ఆవిడ ప్రాణం పోయేముందు ఆవిరి పట్టిన గోడ మీద వేలితో ఏదో రాస్తుంది. ఆవిరి ఆరితే రాత మాయం. తర్వాత ఒక ప్రొఫెసర్ అదే గదిలో వేడినీళ్ళ కొళాయి తిప్పగానే అక్షరాలు మళ్ళీ తేలతాయి. పాత డీవీడీలో ఆ ఆవిరంతా చదరపు ముక్కలుగా విడిపోయి కనపడేది. 4కేలో ఆవిరి ఆవిరిలాగే పల్చగా కదులుతుంది, వేలు జారిన గీత అంచు కూడా తెలుస్తుంది. ఆ సీను చూసిన రోజే డబ్బులు వసూలయ్యాయనిపించింది.

బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కనపడే ఫిల్ము రేణువుల్ని, అంటే గ్రెయిన్‌ని, చూసి కొందరు క్వాలిటీ తక్కువనుకుంటారు. ఈ సినిమాల్లో చాలావాటిని టెక్నిస్కోప్ పద్ధతిలో తీశారు. మామూలుగా ఒక ఫ్రేముకి ఫిల్ము అంచున ఉండే రంధ్రాల్లో నాలుగింటి ఎత్తు ఫిల్ము వాడితే, ఇందులో రెండింటిదే. సగం ఫిల్ముతో వెడల్పు తెర బొమ్మ వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. ఆ చిన్న బొమ్మని పెద్దది చేసేసరికి గ్రెయిన్ కూడా పెద్దదవుతుంది. అది ఉండాల్సిందే. దాన్ని కంప్యూటర్‌తో తుడిచేసిన ఒక బ్లూ-రే నా దగ్గరుంది, మొహాలన్నీ మైనంతో చేసినట్టుంటాయి. ఇంకో డిస్కులో పాత ఫిల్ముని బాగుచేసినవాళ్ళు (రిస్టోరేషన్ అంటారు) రంగు ఎటో లాగేశారు, మనుషులందరూ ఒంటికి పసుపు రాసుకుని తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆ రెండూ మళ్ళీ బయటికి తియ్యలేదు.

రంగుల కోసమే చూడాల్సింది మాత్రం బావాని. ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’ కథ ఒక ఫ్యాషన్ సంస్థ చుట్టూ తిరుగుతుంది. ఎక్కణ్ణుంచి పడుతుందో తెలియని ఆకుపచ్చ వెలుతురు, వంగపండు రంగు వెలుతురు, వాటి మధ్య బట్టలు తొడిగే ఎర్ర బొమ్మలు. కథ పలచన, దాచను. కానీ మంచి డిస్కులో ప్రతి గదీ ఒక పెయింటింగే.

లూసియో ఫుల్చీ 1972లో తీసిన ‘డోంట్ టార్చర్ ఎ డక్లింగ్’ గురించి వేరే చెప్పాలి. ఇందులో మెరిసే నగరం లేదు. దక్షిణ ఇటలీలో ఎండకి తెల్లబడిపోయిన పల్లె, హత్యకి గురయ్యేది పిల్లలు. ఊరివాళ్ళు మంత్రగత్తె అని అనుమానించిన ఒక ఆడమనిషిని శ్మశానంలో గొలుసులతో కొడతారు, పక్కన రేడియోలో పాట మోగుతూనే ఉంటుంది. ఆమె పాక్కుంటూ హైవే పక్కకి చేరితే కార్లు ఆగకుండా వెళ్ళిపోతాయి. చేతబడి నెపంతో ఆడవాళ్ళని కొట్టిన వార్తలు మన పేపర్లలో చదివినవాణ్ణి, ఆ సీను తర్వాత చాలాసేపు మాట్లాడలేకపోయాను. దాన్ని రెండుసార్లే చూశాను. ఈ కోవలో నేను చూసినవాటిలో అదే అన్నిటికన్నా గొప్ప సినిమా అనుకుంటాను. మిగతా చాలా సినిమాల్లో ఆడవాళ్ళని చంపడాన్ని అందంగా చూపించాలనే తాపత్రయం కనిపిస్తుంది. అది నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. అందుకే ఇంట్లో ఎవరితో పడితే వాళ్ళతో ఇవి చూడను.

బాక్స్ సెట్ల విషయంలో నా అనుభవం అంత బాగాలేదు. మూడేసి సినిమాలు కలిపి అమ్మే పెట్టెల్లో నాకు సాధారణంగా ఒక్కటే నచ్చుతుంది. ఒక పెట్టెనైతే అమ్మినతను పల్చటి కవర్లో చుట్టి పంపాడు. మూల నలిగింది, రెండో డిస్కు ఊడి లోపల దొర్లి గీతలు పడ్డాయి, ఇప్పటికీ ఒకే చోట ఆగిపోతుంది. గట్టి అట్టపెట్టెలో పంపుతారో లేదో అడిగి కొనండి.

మొదటిసారి కొనేవాళ్ళు డీప్ రెడ్ 4కేతో మొదలుపెట్టండి. పూర్తి వర్షన్, ఇటాలియన్ ఆడియో, అనువాదం సబ్‌టైటిల్స్. ట్రైలర్ చూడకండి, డిస్కుతో వచ్చిన బుక్‌లెట్ ముందే తిరగెయ్యకండి. లైట్లు ఆపేసి కూర్చోండి. మార్క్ మెట్లెక్కి ఆ ఫ్లాట్ తలుపు తోసేటప్పటికి ఫోన్ మీ చేతిలో ఉండకూడదు.